సెలవిచ్చే దేవుడు

మా అవ్వ క్రైస్తవురాలైంది ఒక మాటను తప్పుగా అర్థం చేసుకుని. యాభై ఏళ్ల తర్వాత ఆ తప్పును దిద్దింది నేను. నోరు మూసుకుని ఊరుకుంటే నా సొమ్మేం పోయేదని చాలాకాలం నన్ను నేనే తిట్టుకున్నాను. ఇప్పుడు తిట్టుకోవడం మానేశాను గానీ, పిల్లల కాపీల మీద ఎర్ర పెన్ను పెట్టేముందు మాత్రం చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది.

అవ్వ అంటే మా నాయినకు తల్లి. ఆయన పిలిచే పిలుపే ఇంట్లో అందరికీ అలవాటైంది. నాయిన భూపాలపల్లి బొగ్గుబాయిలో పనిచేస్తూ అక్కడే క్వార్టర్‌లో ఉండేవాడు, పదిహేను రోజులకోసారి జనగామ వచ్చి పోయేవాడు. ఇంట్లో అమ్మా అవ్వా ఉండేవారు. నేను మహబూబాబాద్‌లో ఒక ప్రైవేటు బడిలో తెలుగు చెబుతూ అక్కడే చిన్న గది తీసుకుని ఉండేదాన్ని. తెలుగు చెప్పేవాళ్లకు ఒక రోగం ఉంటుంది. ఎదుటివాళ్లు ఏం చెబుతున్నారో వినరు, ఎట్లా చెబుతున్నారో వింటారు. నాకు ఆ రోగం బాగా ముదిరింది.

అవ్వకు ఇంకో అలవాటు ఉండేది. మా ఇంటి మనుషులను తప్ప ఎవరినీ మొహం ఎత్తి చూసేది కాదు. బయటివాళ్లు ఎవరొచ్చినా వాళ్ల మోకాళ్లతోనే మాట్లాడేది. నన్ను చూడటానికి పెళ్లివారొచ్చిన రోజు, వాళ్లు పోయాక పిల్లగాడు ఎట్లా ఉన్నాడని అమ్మ అడిగితే, "మడిమెలు పగిలినయి బిడ్డా, చెప్పులు మాత్రం మంచియి ఏస్కున్నడు" అంది. మేమంతా పడీ పడీ నవ్వాం. ఆ అలవాటు ఎక్కడిదో అప్పటికే తెలిసిన నాయిన ఒక్కడే నవ్వలేదు.

ఆమె పుట్టింది తరిగొప్పుల దిక్కు ఒక పల్లెలో. పదేళ్లు నిండకముందే దొర గడిలో వెట్టికి పెట్టారు. వాకిలి ఊడవడం, పేడ తీయడం, వడ్లు దంచడం. పని అయిపోయినా ఇంటికి పోవడానికి వీల్లేదు. కచ్చేరి మెట్ల కింద చేతులు కట్టుకుని నిలబడి, "పోత దొరా, సెలవియ్యిన్రి" అని అడగాలి. దొర చెయ్యి ఊపితే పోవాలి, ఊపకపోతే నిలబడాలి. తల ఎత్తకూడదు. అన్నేళ్లలో అవ్వ చూసింది ఆయన పాదాలూ, కిర్రు చెప్పులే. మొహం ఎట్లా ఉండేదో ఆమెకు తెలియనే తెలియదు.

తల్లి చచ్చిపోయిందని కబురొచ్చిన పొద్దున కూడా ఆ మెట్ల కిందే నిలబడి సెలవడిగింది. దొర ఎవరితోనో మాట్లాడుతున్నాడు. విన్నాడో లేదో, జవాబివ్వలేదు. మళ్లీ అడిగే ధైర్యం లేక ఈమె అట్లాగే నిలబడింది. పొద్దు నెత్తి మీదికొచ్చాక చెయ్యి ఊపాడు. ఉరికి ఉరికి పోయేసరికి మట్టి చేసి తిరిగొస్తున్నవాళ్లు ఎదురయ్యారు. తల్లి కడసారి చూపు ఆమెకు దక్కలేదు. ఈ సంగతి చెప్పేటప్పుడు అవ్వ ఏడ్చేది కాదు. గొంతు తగ్గించుకుని, ఇంకా ఎవరో వింటారేమో అన్నట్టు చెప్పేది.

పెళ్లయి వేరే ఊరికి పోయాక బైబిల్ వాక్యం చదివే ఆమె కలిసింది. జనగామ నుంచి తెల్లచీర కట్టుకుని, భుజానికి సంచి తగిలించుకుని వారానికోసారి వాడకు వచ్చేదట. ఎవరి అరుగు దొరికితే ఆ అరుగు మీద కూర్చుని చదివేది. అవ్వ ఆ పక్కనే కందులు విసురుతూ ఒక చెవి అటు వేసింది. చదువుతున్నదంతా పుస్తకాల తెలుగు, ఒక్క ముక్క అర్థం కావడం లేదు. ఉన్నట్టుండి ఒక మాట మాత్రం చెవిన పడింది: దేవుడు సెలవిచ్చెను.

అవ్వ విసుర్రాయి ఆపేసింది.

"ఏమన్నవమ్మా? మల్లొకపారి చదువు."

"దేవుడు సెలవిచ్చెను."

"ఆయనంతట ఆయననే ఇచ్చిండా? అడగకుంటనే?"

"ఆయనంతట ఆయనే" అందట ఆ తల్లి, ఈమె ఏమడుగుతోందో తెలియకుండానే.

పేజీ తిప్పితే మళ్లీ సెలవిచ్చాడు. ఇంకో పేజీలో ఇంకొకరికి ఇచ్చాడు. మెట్ల కింద నిలబెట్టని దేవుడు ఒకడున్నాడు, అడగకముందే పో బిడ్డా అని సెలవిస్తాడు, అందరికీ ఇస్తాడు. ఆ వానాకాలం వెళ్లేలోపే వాగులో బాప్తిస్మం తీసుకుంది. అత్త తిట్టింది, మొగుడు రెండు రోజులు మాట్లాడలేదు. ఈమె మాత్రం ఎవరి మాటా చెవిన వేసుకోలేదు.

పరలోకమంటే ఆమెకు పెద్ద ఊహలేం లేవు. బంగారు వీధులూ, ముత్యాల గుమ్మాలూ ఆమె లెక్కలో లేనే లేవు. ఈమె పోయేసరికి ఆయన ఇంటి ముందే ఉంటాడు. నోరు తెరిచి అడగకముందే సెలవు అంటాడు. అంతే. ఆ ఒక్క మాట వినడానికే పోవాలి. ప్రార్థన చేసినప్పుడల్లా "సెలవిచ్చే తండ్రీ" అని మొదలుపెట్టేది. ఎంత చక్కని సంబోధన, చదువుకోకపోయినా మా అవ్వకు భాష ఎంత బాగా పట్టుబడిందీ అని నేను మురిసిపోయేదాన్ని. దాని వెనక ఏముందో ఎన్నడూ అడగలేదు.

తెలంగాణ కోసం సమ్మె మొదలైన రోజుల్లో ఇదంతా బయటపడింది. బడులు మూతపడ్డాయి, బస్సులు డిపోల్లోంచి కదల్లేదు, బాయిల్లో బొగ్గు ఆగింది. రైళ్లు ఇంకా అడపాదడపా నడుస్తున్నప్పుడే నేను మహబూబాబాద్‌లో బండెక్కాను. కేసముద్రంలో పట్టాల మీద జనం కూర్చున్నారని బండి గంటన్నర ఆగింది. నాయిన భూపాలపల్లి నుంచి కొంతదూరం ట్రాక్టర్ మీద, కొంతదూరం ఎవరిదో మోటార్ సైకిల్ మీద ఇల్లు చేరాడు. ఉద్యోగంలో చేరాక ఆయన అన్ని రోజులు ఇంట్లో ఉండటం అదే మొదటిసారి. ఎవరూ ఇయ్యకుండా మనమే తీసుకున్న సెలవు ఇది అని వాడంతా నవ్వుకునేవాళ్లు.

అప్పటికే అవ్వ కాళ్లు వాచాయి, నాలుగడుగులు వేస్తే ఆయాసం. హన్మకొండ దవాఖానలో చూపిస్తే గుండె అలిసిపోయిందని, మందులు వాడుతూ ఇంట్లోనే జాగ్రత్తగా చూసుకోమని చెప్పి పంపారు. మేము మొహాలు వేలాడేసుకుంటే ఆమె మాత్రం ఊరికి పోయే పిల్లలా హుషారుగా ఉంది. తను పోయాక ఏ చీర కట్టాలో అమ్మకు చెప్పింది. పలకరించడానికొచ్చి ఏడ్చినవాళ్లను తనే ఓదార్చింది. "తెలంగాణ వచ్చేదాక ఉండవా అవ్వా?" అని నేను అడిగితే, "మీకు తెలంగాణ, నాకు పరలోకం. ఏది ముందొస్తదో సూద్దాం" అనేది.

ఒకరోజు పొద్దున జనగామ చౌరస్తాలో దీక్ష టెంటు కింద టీచర్లందరం కూర్చున్నాం. నాకూ మైకు ఇచ్చారు. మన మాటను సినిమాల్లో రౌడీలకూ నౌకర్లకూ పెట్టి నవ్వారని, మా అవ్వ మాట్లాడేది తప్పు తెలుగు కాదు, అదే అసలు తెలుగని గొంతు చించుకుని చెప్పాను. చప్పట్లు గట్టిగానే పడ్డాయి. రోడ్డు మీదే వండిన అన్నం తిని, ఆ చప్పట్లు ఇంకా చెవుల్లో మోగుతుండగానే ఇంటికొచ్చాను.

ఆ మధ్యాహ్నమే అవ్వకు వాక్యం చదివి వినిపిస్తున్నాను. ఆమె మంచం మీద పడుకుని తనలో తను నవ్వుకుంటోంది.

"ఏంది అవ్వా, నవ్వుతున్నవు?"

"ఏం లేదు బిడ్డా. ఎన్నిసార్లిస్తడో సెలవు! ఇచ్చెటాయనకు అలుపు లేదు, తీసుకునేటోళ్లకు సిగ్గు లేదు."

ఏం సెలవు అన్నాను. అప్పుడు చెప్పింది ఇదంతా, కందులూ, అరుగూ, తెల్లచీరామె సంగతీ. నేను విని మురిసిపోవాల్సింది. ఆమె చెయ్యి పట్టుకుని ఊరుకోవాల్సింది. కానీ నా రోగం ఊరుకోనిస్తేగా.

"అయ్యో అవ్వా, గది గట్ల గాదు. సెలవిచ్చెను అంటే చెప్పిండు అని. పెద్దోళ్లు మాట్లాడితే మర్యాదకు గట్ల రాస్తరు."

"పెద్దోళ్లంటే ఎవలు?"

"రాజులు, దొరలు, గసుంటోళ్లు."

ఆమె మోచెయ్యి ఆనించి తల ఎత్తింది.

"అంటే ఎవలకు సెలవియ్యలేదా ఆయన?"

"లేదవ్వా. చెప్పిండు, అంతే. హుకుం చేసిండు అనుకో."

"హుకుమా?"

నేను నవ్వాను. ఇది చెప్పకుండా దాచుకోకూడదు, నిజంగానే నవ్వాను. వంటింట్లోకి పోయి అమ్మకు కూడా చెప్పి నవ్వించాను. తిరిగొచ్చేసరికి అవ్వ లేచి కూర్చుని ఉంది. నాతో ఏదో అంది, మందుల సంగతి అనుకుంటాను. అంటున్నప్పుడు ఆమె చూపు నా పాదాల మీద ఉంది. నన్ను చంకనేసుకుని పెంచిన మనిషి, ఎప్పుడూ నా మొహంలోకి చూసి మాట్లాడే మనిషి. అప్పుడు తెలిసింది నేనేం చేశానో.

ఆ సాయంత్రం ఆమె ప్రార్థన చేయలేదు. ఆ తర్వాతా చేయలేదు. ఆదివారం మా సంఘం పాస్టరు అయ్యగారు ప్రభువు బల్ల రొట్టే ద్రాక్షరసమూ ఇంటికి తెస్తానంటే కడుపులో బాగాలేదని చెప్పించింది. ఏ చీర అన్న మాట మళ్లీ ఎత్తలేదు. మందులు టైముకు అడిగి మరీ వేసుకోవడం మొదలుపెట్టింది. "నేనిప్పుడే పోను బిడ్డా, ఇంకో డాక్టరును సూడున్రి" అంది అమ్మతో. చావంటే భయం లేని మనిషికి ఆ వయసులో భయం పుట్టించింది నేనే. అది మామూలు చావు భయం కూడా కాదు. పోయి ఆయన ముందు నిలబడాలి కదా, ఆ భయం.

ఒకరోజు అడిగింది, "ఆడికి పోయినంక నిలవడాల్నా, కూసోవాల్నా?"

ఇంకోరోజు, "గుడిల దేవుని మొకం జూడాలె అంటరు గద బిడ్డా. మొకం నేనెట్ల జూస్త? కాళ్లు జూసుడే నాకు తెలుసు."

నేను పరుగున పోయి నిఘంటువు తెచ్చాను. సెలవు అంటే అనుమతి అని కూడా ఉందని, విశ్రాంతి రోజని కూడా ఉందని, అసలు పెద్దలు మాట్లాడటాన్ని సెలవివ్వడమని ఎందుకన్నారో అని పేజీలు తిప్పి తిప్పి చూపించాను. ఆమె పెదవి విరిచింది.

"మొన్న ఒకటి చెప్తివి, ఇయ్యాల ఒకటి చెప్పవడ్తివి. నువ్వు నన్ను సముదాయించవడ్తివి."

నిజమే. నేను నిఘంటువు మూసేశాను.

మా సంఘం అయ్యగారు కోస్తా మనిషి. మంచివాడు. ఆ రోజుల్లో ఆయన సైకిల్ మీద వస్తుంటే చౌరస్తాలో కుర్రాళ్లు ఆపి జై తెలంగాణ అనమనేవాళ్లు, ఆయన తన యాసలో గట్టిగా అనేవాడు, వాళ్లు నవ్వి వదిలేసేవాళ్లు. ఆయన్ను పిలుచుకొచ్చాను. మంచం పక్కన కూర్చుని ఎంతో ప్రేమగా చెప్పాడు. ఇక్కడ మనం మసకగా చూస్తున్నామమ్మా, అక్కడ ముఖాముఖిగా చూస్తాం. ఆయన మహిమతో, ప్రకాశంతో, సింహాసనం మీద కూర్చుని ఉంటాడు. దూతలంతా చుట్టూ నిలబడి ఉంటారు.

అవ్వ ఆయన మోకాళ్ల వంక చూస్తూ శ్రద్ధగా విన్నది. ఆయన పోయాక నాతో మెల్లగా అంది, "సూసినవా? ఆయన కూసుంటడు. తక్కినోళ్లంత నిలవడతరు."

ఇక నాకు ఏ దారీ కనిపించలేదు. నేను చదువుకున్న తెలుగంతా ఎందుకూ కొరగాకుండా పోయింది. పెరట్లోకి పోయి ఏడ్చాను.

నాయిన అప్పటికి ఈ గొడవలో వేలు పెట్టలేదు. ఆయన మాటలు తక్కువ మనిషి. ఆదివారం కూడా షిఫ్టు పడుతుందని గుడికి రావడమూ తక్కువే. సమ్మెలో చేతులు ఊరుకోక ఇంట్లో ఉన్న పాత వస్తువులన్నీ బాగుచేస్తున్నాడు. ఆ రోజు మధ్యాహ్నం అవ్వ మంచానికి నులక వదులైందని, ఆమెను పక్కన చాప మీద కూర్చోబెట్టి నులక బిగిస్తున్నాడు. నేను గడప దగ్గర బియ్యం ఏరుతున్నాను.

"బిడ్డా, నీకు గూడ మీద దొరలున్నరు గద, ఆపీసర్లు" అని అడిగింది అవ్వ. "వాళ్ల మొకం జూస్తవా?"

నాయిన చెయ్యి ఆపకుండానే నవ్వాడు.

"బాయిల ఎవ్వని మొకం ఎవ్వడు జూడడే అవ్వా. కాళ్లే జూస్తం."

"భయానికా?"

"భయానికి గాదు. టోపీకి లైటుంటది గద. ఎటు మర్లితే అటు కొడ్తది. ఎదుటోని మొకం జూసినవనుకో, వాని కండ్లళ్ల కొడ్తది, వానికేం కానరాదు. కిందమీద పడ్తడు. అందుకని తల దించుకోని మాట్లాడ్తం. ఎదుటోని కండ్లు కాపాడుకునుడు గది. ముప్పై ఏండ్ల సంది నీ లెక్కనే కాళ్లు జూస్తున్న నేను. బూట్ల సప్పుడు వింటే చెప్త ఎవడో."

నా చేతిలో బియ్యం ఆగిపోయాయి. ఆయన ముప్పై ఏళ్ల పని గురించి నేను ఎన్నడూ ఇంత వినలేదు. ఎన్నడూ అడగనూ లేదు.

"మరి మొకం ఎప్పుడు జూస్తరు?" అంది అవ్వ.

"పైకచ్చేటప్పుడు. పనైనంక ఎక్కుకుంట ఎక్కుకుంట వస్తుంటే ముందుగాల పావలా బిళ్లంత ఎలుగు కనవడ్తది. దగ్గరికి వస్తుంటే పెద్దగైతది. ఎండలకు రాంగనే లైట్లు బంద్ జేస్తం. గప్పుడు సూసుకుంటం ఒకని మొకం ఒకడు. అరే నువ్వా, ఇంతసేపు నా పక్క పొంటి నడిచింది నువ్వేనా అని నవ్వుకుంటం."

"ఆపీసరు గూడనా?"

"దిగినోడైతే. మొకమంత బొగ్గు, కండ్లు పండ్లే తెల్లగుంటయి. దిగినోడు మా లెక్కనే నల్లగైతడు. దిగనోడే తెల్లగుంటడు."

నులక బిగుస్తున్న చప్పుడొక్కటే వినిపిస్తోంది. అవ్వ పెదవులు కదులుతున్నాయి. లోపల ఏదో సరిచూసుకుంటోందని తెలుస్తోంది గానీ ఏమిటో తెలియలేదు.

"మన ప్రభువు దిగిండు గద" అంది ఆఖరికి.

"దిగిండు" అన్నాడు నాయిన.

"పసుల కొట్టంల పుట్టిండాయె. దెబ్బలు తిన్నడాయె. దొర ఎన్నడన్న మా వాడకు దిగిండా?"

"ఎన్నడు దిగలే."

"దిగలే" అంది అవ్వ. తర్వాత నా వైపు తిరిగింది. పాదాల వైపు కాదు, నా మొహం వైపు. "నువ్వు చెప్పిందే కరెక్టు బిడ్డా. సెలవిచ్చిండంటే చెప్పిండనే. కానీ నువ్వు ఒక్కటి తప్పు చెప్పినవు. హుకుం గాదు. పైన కూసోని చెప్తే హుకుం. దిగి, పక్క పొంటి నడ్సుకుంట చెప్తే గది ముచ్చట."

ముచ్చట అంటే మా దిక్కు పక్కపక్కన కూర్చుని చెప్పుకునే మాట. నా ఎర్ర పెన్నుకు అంతకంటే మంచి దిద్దుబాటు ఎవరూ చేయలేదు. నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. బియ్యం చాట పక్కన పెట్టి పోయి ఆమె ఒళ్లో తల పెట్టుకుని, "నాది తప్పైందవ్వా" అన్నాను. ఆమె నా వీపు మీద ఒక్కటి చరిచింది.

"తప్పేముందే టీచరమ్మా. తెల్వకపోతే నేను గాడికి పోయి సెలవు సెలవు అని అడుక్కునేదాన్ని. ఆయన నవ్వకపోవునా?"

అప్పటినుంచి నాయినకు తీరిక లేకుండా చేసింది. బాయి గురించి అడిగిందే అడిగేది. దిగేటప్పుడు దమ్ము ఆడుతుందా, నీళ్లుంటాయా, చీకట్లో దారి ఎట్లా తెలుస్తుంది, ముందు నడిచేవాడెవరు. నాయిన ఓపిగ్గా చెప్పేవాడు. ఆయన అంతగా మాట్లాడటం చూసి అమ్మ ఆశ్చర్యపోయింది. "పైకచ్చినంక ముందుగాల ఏం జేస్తరు?" అని అడిగిందొకసారి. మొహం కూడా కడుక్కోకుండా ఛాయ్ తాగుతాం అన్నాడు. "నేను గూడ తాగుత" అంది. మా ఇంట్లో పరలోకం గురించి విన్న మాటల్లో నాకు అన్నిటికంటే నచ్చింది అదే.

ప్రార్థన మళ్లీ మొదలైంది. "పక్క పొంటి నడిచే తండ్రీ" అనేది ఇప్పుడు. అయ్యగారు ప్రభువు బల్ల ఇంటికి తెచ్చిన రోజు అది విని, ఈ మాట ఎక్కడిదమ్మా అని నన్ను అడిగాడు. ఇంటి బయట సైకిల్ పట్టుకుని నిలబడిన ఆయనకు మొదటినుంచీ అన్నీ చెప్పాను, సెలవు మాటా, హుకుం మాటా, బాయీ, లైటూ. ఆయన చాలాసేపు తల దించుకుని విన్నాడు. "నేను సింహాసనం గురించి చెప్పానండీ ఆమెకు" అన్నాడు బాధగా. ఆ ఆదివారం గుడిలో ఆయన ప్రసంగమంతా ప్రభువు కిందికి దిగడం గురించే. ముచ్చట అన్న మాటను కూడా వాడాడు, తన యాసలో. వెనక వరసల్లో ఎవరో కిసుక్కుమన్నారు గానీ ఆయన పట్టించుకోలేదు.

సమ్మె ఆగింది. తెలంగాణ రాలేదు. ఇంతమంది ఇన్ని రోజులు పస్తులున్నది ఇందుకేనా అని వాడంతా నీరసపడిపోయింది, నేనూ పడ్డాను. అవ్వ మాత్రం, ఎక్కేటప్పుడు ఎలుగు ముందుగాల చిన్నగనే ఉంటది అని నాయిన చెప్పిన మాటనే మాకు తిప్పి చెప్పింది. నాయినను డ్యూటీకి పొమ్మని తనే తరిమింది. ఆయన వద్దు వద్దంటూనే భూపాలపల్లి పోయాడు. నేను మహబూబాబాద్ పోయాను. పిల్లలకు పోయిన పాఠాలన్నీ పూర్తి చేయాలని ఆదివారాలు కూడా బడి పెట్టారు.

నెల తిరక్కముందే అమ్మ ఫోన్ చేసింది. నేను పొద్దున బండికి జనగామ చేరేసరికి నాయిన అప్పటికే వచ్చి ఉన్నాడు. అవ్వకు మాట పలచబడింది గానీ తెలివి బాగానే ఉంది. నన్ను చూసి టీచరమ్మా అంది. కొంచెం ఛాయ్ తాగింది, సగం గదవ మీదుగా కారిపోయింది. అయ్యగారు వచ్చాడు. కిటికీలోంచి ఎండ మంచం మీద పడుతోంది.

ప్రార్థన చేద్దామని అయ్యగారు అనగానే, అలవాటు కొద్దీ నేను ఆమె కొంగును నెత్తి మీదికి లాగాను. మా గుడిలో ఆడవాళ్లెవరూ కొంగు కప్పుకోకుండా ప్రార్థన చేయరు. కొంగు జారి నుదుటి కిందికి వచ్చింది. ఆమె చెయ్యి ఎత్తి దాన్ని వెనక్కి నెట్టేసింది. నేను మళ్లీ సర్దబోయాను.

"ఉండనీ బిడ్డా" అంది. "మొకం కానరాకపోతే నన్నెట్ల గుర్తువడ్తడు?"

అయ్యగారు కళ్లు మూసుకున్నాడు. అమ్మా నాయినా మూసుకున్నారు. ప్రార్థనలో కళ్లు తెరిచే పిల్లలను గద్దించే నేను ఆ రోజు మూసుకోలేకపోయాను. అవ్వ కూడా మూసుకోలేదు. గదవ పైకెత్తి, మెడ నిలిపి, ఎదురుగా ఎవరో వంగి పలకరిస్తుంటే వాళ్ల మొహంలోకి చూస్తున్నట్టు సూటిగా చూస్తోంది. ఇంటివాళ్లమైన మమ్మల్ని తప్ప ఆమె ఎవరినైనా అట్లా చూడటం నేను ఎన్నడూ చూడలేదు. భయం లేదు ఆ చూపులో. నాకూ భయం వేయలేదు. నాకు సంతోషంగా ఉంది, ఆ మాట చెప్పడానికి ఇప్పుడు సిగ్గుపడను.

అయ్యగారు ఆమేన్ అన్నాడు. నాయిన కళ్లు తెరిచి ఆమె ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాడు. తర్వాత నా వైపు చూసి తల ఊపాడు. ఆ కళ్లు మూయాల్సింది నేనే, పక్కన ఉన్నది నేనే కాబట్టి. చెయ్యి చాపి కూడా ఆగాను. ఇంకాసేపు చూడనిచ్చాను.